దెయ్యం చేపను పట్టాక ఏం చేయాలి?

అక్వేరియం దుకాణాల్లో దాన్ని సక్కర్ అంటారు. అద్దాలకు పట్టిన పాచి తింటుందని వేలెడంత పిల్లను కొనుక్కెళతాం. పెరిగి పెరిగి మూరెడవుతుంది, తొట్టె చాలదు. చంపడానికి చేతులు రాక చెరువులోనో గెడ్డలోనో వదిలేస్తాం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేపనే మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. ఒళ్లంతా ఎముక పలకలు, రెక్కల ముందు గరుకు ముళ్లు. వలలో చిక్కితే విడదీయలేక వలనే కోసుకోవాలి. గాలి మింగి గంటల తరబడి బతుకుతుంది కాబట్టి, గట్టున పారేసినా చచ్చిందన్న నమ్మకం లేదు. మగది గట్టులోకి బొరియ తవ్వి గుడ్లకు కాపలా కాస్తుంది. మట్టిగట్ల చెరువులున్న మనకు అసలు భయం అక్కడే.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లతో వెతికి, తూర్పు కనుమల్లో 60 శాతం జలవనరులకు ఇది పాకిందని చెప్పారు. తగరపువలస వంతెన కింద పారే గోస్తని నది ఆ కనుమల్లోని అనంతగిరి కొండల్లోనే పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కాబట్టి ఇది ఎవరి ఊరి సమస్యో కాదు, మనదే.

మెక్సికోలో ఇన్ఫియర్నీయో జలాశయం ఒకప్పుడు ఏటా 20,000 టన్నుల తిలాపియా ఇచ్చేది. ఈ చేప చొరబడ్డాక పట్టిన సరుకులో 70-80 శాతం ఇదే. అక్కడివాళ్లు ఆ నష్టాన్ని లెక్క రాశారు. పాడైన వలలు, తగ్గిన రాబడి, పని పోయిన కుటుంబాలు, అన్నీ. 2009లో మెక్సికో, అమెరికా, కెనడా కలిసి తెచ్చిన నివేదికలో ఆ అనుభవం ఉంది. ఇక్కడ వింత చేప దొరికిందని ఫొటో వార్త వస్తుంది. ఎన్ని కిలోలు, ఏ చెరువు, ఎన్ని వలలు పోయాయి అన్నది ఎక్కడా నమోదు కాదు.

దాని సొంత గడ్డ అమెజాన్‌లో దీన్ని దెయ్యమనరు, తింటారు. బ్రెజిల్‌లోని శాంతారెం వైపు కాల్చి, ముళ్లు తీసి, కండను పెనం మీద పొడిపొడిగా వేయించి ‘పిరాకుయి’ పేరుతో నిల్వ చేసుకుంటారు. భీమిలి తీరంలో చేపలెండబెట్టే చేతులకు అది కొత్త విద్యేమీ కాదు. అయితే జకార్తా మురుగుతో నిండిన చిలివుంగ్ నదిలో పట్టిన ఇదే చేపలో సీసం వంటి లోహాలు బయటపడ్డాయి. కాబట్టి ఏ నీటిలో పట్టారో పరీక్షించనిదే వంటింటి మాట ఎత్తకూడదు. దాణాకు వాడదలచినా అంతే.

అసలు చెరువులోకి చేరకుండా ఆపే దారులూ ఉన్నాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంచలేని విదేశీ జంతువును, చేపనైనా సరే, జరిమానా లేకుండా అప్పగించే ఏర్పాటుంది. బంగ్లాదేశ్ 2023లో ఈ చేప దిగుమతి, పెంపకం, అమ్మకాలను నిషేధించింది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మన దేశం 2000లోనే నిషేధించింది. ఆ చేపలను గుంటలు తవ్వి పూడ్చిపెట్టిన సందర్భాలూ చూశాం. సక్కర్ మాత్రం దుకాణంలో దర్జాగా దొరుకుతుంది.

నిషేధం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అమ్మిన దుకాణమే పెద్దదైన చేపను తిరిగి తీసుకోవచ్చు. మత్స్యశాఖ తాటిపూడి నుంచి భీమిలి దాకా నాలుగు చోట్ల గోస్తని నీటిని డీఎన్ఏ పరీక్షకు పంపవచ్చు. వలలో పడ్డదాన్ని తిరిగి నీట్లో వేయకుండా తూకం వేసి తీసుకుని, కిలోకు కొంత ఇచ్చే కాటా ఒకటి తగరపువలసలో పెడితే, జాలరికి తెగిన వల ఖర్చులో కొంతైనా చేతికొస్తుంది, మనకు లెక్కా మొదలవుతుంది.