మల్కాపురం రాయి చెప్పే మాట వినాలి

అమరావతి: ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే గుంటూరు తీసుకుపోవడం ఈ ప్రాంత గ్రామాలవారికి తరాలుగా అలవాటు. ఆస్పత్రి అంటే పట్నంలోనే ఉండేదన్న నమ్మకం బలపడిపోయింది. అయితే మన పల్లెల్లో ఒకప్పుడు ఆస్పత్రి ఉండేదనడానికి సాక్ష్యం అమరావతికి తూర్పున, మందడం పక్కనున్న మల్కాపురంలోనే రాతి స్తంభం మీద చెక్కి ఉంది.

ఆ శాసనం 1261 నాటిది. కాకతీయ గణపతిదేవుని గురువు విశ్వేశ్వర శివాచార్యునికి రుద్రమదేవి మందడం గ్రామాన్ని వెలగపూడితో సహా దానం చేసిన వివరాలు అందులో ఉన్నాయి. గురువుగారు ఆ గ్రామాలను సొంతానికి వాడుకోలేదు. గుడి, మఠం, చదువుకునే పిల్లలకు వసతి, అన్నసత్రం ఏర్పాటు చేశారు. సత్రంలో ఏ కులంవారు వచ్చినా అన్నం పెట్టాలని కట్టడి చేశారు. వీటితోపాటు ఒక ప్రసూతిశాల, ఒక ఆరోగ్యశాల కూడా నెలకొల్పారు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆస్పత్రి పెట్టి ఆయన చేతులు దులుపుకోలేదు. ఆస్తిని మూడు భాగాలు చేసి, ఒక భాగాన్ని ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రాల నిర్వహణకు విడిగా రాశారు. వైద్యునికీ, లెక్కలు రాసే కాయస్థునికీ జీవనం చూపించారు. అంటే ఏటేటా ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ముందే తేల్చి, అందరూ చూసేలా రాతి మీద చెక్కించారు. ఈనాటి భాషలో చెప్పాలంటే అది బడ్జెట్ కేటాయింపు.

ఆ కాలంలో అంతా బాగుందని ఎవరూ భ్రమపడనక్కరలేదు. మశూచి వస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి మొక్కుకోవడం తప్ప గతిలేని రోజులవి. కలరా తగిలితే ఊళ్లు పాడుపడేవి. 1832-33 నాటి కరువు ఒక్క గుంటూరు సీమలోనే లక్షల మందిని కకావికలు చేసింది. తిండి లేక కొందరు, తిండిలేని ఒంటికి తగిలిన జబ్బులతో కొందరు రాలిపోయారు. రాజుగారి దానం మీద నడిచే వైద్యం రాజ్యంతోపాటే పోతుందని కూడా చరిత్ర చెబుతోంది. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి కోసం మళ్లీ మొదటి నుంచి పాటుపడవలసి వచ్చింది. గుంటూరు వైద్య కళాశాల 1946లో గాని రాలేదు.

జబ్బులను పారదోలిన చరిత్రలో పెద్ద భవనాల పాత్ర కంటే గడప గడపకూ తిరిగిన మనుషుల పాత్రే ఎక్కువ. మశూచి ఇందుకు నిదర్శనం. టీకాలవాళ్లు వస్తున్నారంటే పిల్లలను గాదెల వెనుక దాచిన తల్లులుండేవారు. అయినా వారు విసుగు చెందక వెతికి వెతికి టీకాలు వేశారు. 1975లో దేశంలో ఆఖరి కేసు నమోదైంది. 1980లో ప్రపంచమంతటా మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పోలియో కూడా అదే తీరున పోయి, 2014లో మన ప్రాంతానికి విముక్తి పత్రం దక్కింది. 2020లో కరోనా నరసరావుపేటను వణికించినప్పుడు వీధి వీధికీ తిరిగినవారు కూడా ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, పారిశుధ్య కార్మికులే.

రెండవది నీరు. పల్నాడులో వినుకొండ, బొల్లాపల్లి వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, మరీ ఎక్కువైతే ఎముకలు బిగుసుకుంటాయి. వంగిన నడుమును ఏ డాక్టరూ నిటారుగా చేయలేడు. మంచినీరే దానికి మందు. సాగర్ ఆనకట్ట పక్కనే పెట్టుకుని 1967 నుంచి కాల్వలకు నీరు వదులుతున్న గడ్డ మీద తాగునీటి కోసం ఇంకా అర్జీలు పెట్టుకోవలసి రావడం విచారకరం. వానాకాలంలో వచ్చే వాంతులు, విరేచనాలకు మూలం కూడా చాలా చోట్ల మురుగు కాల్వలో మునిగిన కుళాయి గొట్టమే.

2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. వాటి వల్ల ఎందరో పేదల ప్రాణాలు నిలిచాయి. కాదనలేము. కాని అవి జబ్బు ముదిరాక పట్నం చేర్చే దారులు. జబ్బు రాకుండా చూసేదీ, వచ్చిన మొదటి రోజే పట్టుకునేదీ ఊరి ఉపకేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంటే, మందుల బీరువా వెలితిగా ఉంటే, కూలివాడు ఆ రోజు కూలి పోగొట్టుకుని, అప్పుచేసి ప్రైవేటు ఆస్పత్రి మెట్లెక్కుతాడు. కాన్పు కోసం చేసిన అప్పు బిడ్డ బడికి వెళ్లే వయసు వచ్చినా తీరని ఇళ్లు ఎన్ని లేవు?

అందుచేత అధికారులు, ప్రజాప్రతినిధులు కొన్ని పనులు వెంటనే చేయవలసి ఉంది. ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీద డాక్టరు వచ్చే వేళలు, ఉన్న మందులు, ఆ ఏడాది వచ్చిన నిధులు అందరికీ కనిపించేలా రాయించాలి. ఖాళీ పోస్టులు భర్తీ చేయాలి. మంచినీళ్ల ట్యాంకు కడిగిన తేదీని ట్యాంకు మీదనే వేయాలి. నీటి పరీక్షల ఫలితాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి.

గ్రామస్థులు కూడా తమ వంతు చేయాలి. రోడ్డు గురించి, పింఛను గురించి నిలదీసే మనం ఆరోగ్య కేంద్రం గురించి గ్రామసభలో ఎన్నిసార్లు నోరు విప్పాము? గర్భిణికి రక్తం తక్కువని ఏఎన్ఎం చెబితే, ఇచ్చిన మాత్రలు మింగించకుండా అటక మీద పెట్టేది మన ఇళ్లలోనే కదా!

శాసనంలోని వెలగపూడిలోనే ఈనాడు రాష్ట్ర సచివాలయం ఉంది. బడ్జెట్ లెక్కలు అక్కడే తయారవుతాయి. ఆ లెక్కలు రాసేవారు పక్క ఊరికి వెళ్లి మల్కాపురం రాయిని ఒకసారి చదివితే మేలు. ఆస్పత్రికి శంకుస్థాపన చేసినవారి పేరు పలక మీద ఉంటుంది. ఆస్పత్రి నడవడానికి ఏటా ఎంత ఇస్తారో కూడా ఆ పలక మీదే చెక్కాలి. 1261లో చేసిన పని ఇప్పుడు చేయలేమా?