వేట ఆగిన నెలల్లో గాలం

వారం వారం: గట్టు మీది మాట

ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటిందంటే కొత్తపట్నం తీరంలో మోటారు చప్పుడు ఆగిపోతుంది. బోట్లను ఇసుక మిట్ట ఎక్కిస్తారు, ఇంజన్లు విప్పి ఇళ్లకు చేరుస్తారు. మగవాళ్లు నీడన కూర్చుని చిరిగిన వలలు అల్లుకుంటారు. జూన్ 14 దాకా, 61 రోజులు ఇంతే. సరిగ్గా ఆ రోజుల్లోనే మా పడమటి వాళ్లం సముద్రానికి బయల్దేరతాం. కురిచేడులోనూ, దొనకొండలోనూ, మార్కాపురంలోనూ మే నెల వచ్చేసరికి గోడ కూడా వేడి కక్కుతుంది. పిల్లలకు సెలవులు. తెల్లారకముందే బండెక్కి దర్శి మీదుగా ఒంగోలు, అక్కడి నుంచి కొత్తపట్నమో పాకలో. ఈ మధ్య ఆ ప్రయాణాల్లో ఒక కొత్త వస్తువు కనబడుతోంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న గాలం కర్ర, దానికో రీలు. నా దగ్గరా ఒకటుంది. గాలం పట్టుకుని ఒడ్డున నిలబడే మన పిల్లలతో నాలుగు మాటలు చెప్పాలనే ఈ వారం కూర్చున్నాను.

నా చిన్నప్పుడు సముద్రం మా ఊరికి గోతాంలో వచ్చేది. సంత రోజున ఎండు నెత్తళ్లు, ఎండు సావడాలు, ఉప్పు చేప ముక్కలు పట్టా మీద పోసి అమ్మేవాళ్లు. నాయనమ్మ నెత్తళ్ల తలలు గిల్లి, ఇసుక పోయేదాకా గోరువెచ్చటి నీళ్లలో మూడు మాట్లు కడిగి, పెంకు మీద వేయించి, వంకాయలో వేసి వండేది. సజ్జ సంగట్లోకి అదుంటే ఇంకేమీ అడిగేవాళ్లం కాదు. గిన్నె అడుగున ఎప్పుడూ చిటికెడు ఇసుక మిగిలేది. సముద్రపు ఇసుకను నేను మొదట చూసింది ఆ గిన్నెలోనే. అందుకే కొత్తపట్నం ఒడ్డున నిలబడితే పరాయి చోటికి వచ్చినట్టు అనిపించదు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువు నింపి, మార్కాపురం పక్కగా, వినుకొండ పక్కగా, అద్దంకి దాటి ఆ దగ్గర్లోనే సముద్రంలో కలుస్తుంది. మా వైపు కురిసిన వాన చివరికి చేరేది అక్కడికే.

మే నెల సముద్రం సంగతికొద్దాం. ఒడ్డు దగ్గర నీళ్లు 30 డిగ్రీల వేడికి చేరతాయి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. కాబట్టి పట్టపగలు చేప లోతుకు దిగిపోతుంది. పదకొండు గంటలకు నెత్తిన తువ్వాలు కప్పుకుని గాలం విసిరేవాళ్లను చూస్తుంటాను. వాళ్లకు దొరికేది వడదెబ్బే. తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా నేల మీది గాలి మెల్లగా సముద్రం వైపు వీస్తుంది, అల పడుకుని ఉంటుంది, నీరు తేటగా ఉంటుంది. నేల వేడెక్కాక గాలి తిరగబడుతుంది. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి పెరిగి నీరు బురదెక్కుతుంది. మళ్లీ సాయంత్రం అయిదు దాటాకే కర్ర బయటికి తీయండి.

పోటు, పాటు లెక్క తెలియడానికి పంచాంగం చాలు. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు బలంగా ఉంటుంది, అష్టమి నాటికి మెత్తబడుతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. నీరు ఎక్కడం మొదలైన తొలి రెండు గంటలు ఒడ్డు మీది వాడికి మంచి సమయం. పాటులో ఎండిన ఇసుక మీదికి నీరు మళ్లీ వస్తుంటే అందులోని పురుగుల కోసం, చిన్న పీతల కోసం చేప వెంటే వస్తుంది. ఎంత దూరం విసిరామన్నది గొప్ప కాదు. అల ఒకసారి విరిగి, మళ్లీ ఒడ్డు దగ్గర విరుగుతుంది కదా, ఆ రెంటి మధ్య ముదురు రంగులో ఒక కాలువలా కనబడుతుంది. చేప తిరిగేది అందులోనే. పచ్చి రొయ్యను తోక వైపు నుంచి గుచ్చితే ఎర చాలాసేపు నిలుస్తుంది.

ఈ పాఠం నాకు చెప్పింది కొత్తపట్నంలో ఒక పెద్దాయన. పేరు రాయొద్దన్నాడు. మొదటిసారి నేను బలమంతా పెట్టి విసురుతుంటే పక్కనే నిలబడి చూశాడు.

"ఎందుకబ్బాయ్ అంత దూరం? అక్కడ బోటోళ్ల చేప. నీ చేప నీ కాళ్ల కాడ ఉంది."

"మరి ఎటు వేయమంటావు తాతా?"

"ముందు కాసేపు ఊరికే నిలబడు. నీళ్లు చూడు. రంగు ఎక్కడ మారిందో అక్కడెయ్."

అరగంట తర్వాత గాలానికి గొరక పడింది. నీళ్లలోంచి తీసేసరికి అది గుర్ గుర్ మంటోంది. ఆ చేప కడుపులో గాలితిత్తిని కండరాలు వాయిస్తాయి, ఆ చప్పుడది. జానెడున్నర ఉంటుంది. నేను సంబరంగా దవడ పట్టుకుని పైకెత్తాను. పెద్దాయన చెయ్యి తడిపి దాని పొట్ట కింద పెట్టి చూశాడు. పొట్ట బిగుసుకుని, రెండు పక్కలా ఉబ్బి ఉంది. బొటనవేలితో మెల్లగా తాకితే తోక దగ్గరి రంధ్రం ఎర్రగా, కొద్దిగా తెరుచుకుని కనబడింది. "సూడిది" అన్నాడు. చూలుతో ఉందని. గాలం ఊడదీసి, మోకాలి లోతు నీళ్లలోకి నడిచి, అల వచ్చే వైపు దాని తల పెట్టి పట్టుకున్నాడు. రెండు అలలు పోయాయి. మూడో అలకు అది చేతిలోంచి జారి వెళ్లిపోయింది. ఆయన వెనక్కి తిరిగి నా ముఖం కూడా చూడలేదు.

రెండు నెలల వేట నిషేధం సారాంశమంతా నాకు ఆ మోకాలి లోతు నీళ్లలో అర్థమైంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేది చాలా రకాల చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి, పిల్లలు పెరగాలి కాబట్టి. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది. మోటారు లేని తెప్పలకు, నాటు పడవలకు మినహాయింపు ఉంది, పొట్టకూటి వేట అది. ఒడ్డున గాలం వేసేవాణ్ణి ఎవరూ ఆపరు. ఆపరు కాబట్టే నియమం మనమే పెట్టుకోవాలని నేనంటాను. పొట్ట గడవడానికి బోటు మీద బతికేవాడు రెండు నెలలు పస్తుంటే, సరదాకు వచ్చిన మనం చూలు చేపను సంచిలో వేసుకుని ఫోటో దిగడం న్యాయం కాదు.

పండుగప్ప సంగతి మరీ ముఖ్యం. ఆ చేప మగదిగా బతుకు మొదలుపెట్టి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే గాలానికి పడ్డ అయిదారు కేజీల పండుగప్ప దాదాపుగా తల్లే. అది లక్షల కొద్దీ గుడ్లు పెట్టేది నది మొగల దగ్గర. దాని పిల్లలు పెరిగేది ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట. గుండ్లకమ్మ నీళ్లు మొగ దాకా రాని ఏడు ఆ పిల్లలకు చోటే తగ్గిపోతుంది. మా కురిచేడు రైతుకు వాన లేని ఏడు ఎలాంటిదో, మొగ దగ్గర చేపపిల్లకూ అలాంటిదే.

వదలాలనుకున్న చేపను వదిలే పద్ధతి కూడా ఉంది. గాలం కొక్కెం లోపలి ముల్లును పటకారుతో ముందే నొక్కేస్తే సులువుగా ఊడుతుంది. పొడి చేత్తో చేపను పట్టుకోకూడదు, ఒంటి మీది జిగట పోతే దానికి పుండు పడుతుంది. వేడి నీళ్లలో చేప తొందరగా అలిసిపోతుంది, కాబట్టి ఆటలాడించకుండా త్వరగా లాగాలి. తెగిన నైలాన్ దారం ఇసుకలో వదలకండి, ఆ ఒడ్డునే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ప్రాణం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పక్కన అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నిమ్మళంగా, నల్లగా కనబడుతుంది. ఈత రాని మన పిల్లలు అక్కడ లోతు లేదనుకుని దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరంతా లోపలికి తిరిగి పరుగెత్తే దారి అది. చీరాల దగ్గరి వాడరేవులో, కొత్తపట్నంలో ప్రతి వేసవీ ప్రాణాలు పోయేది ఇలాంటి చోట్లే. లాగేస్తే ఎదురీదొద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ లాగుడు తప్పుతుంది. టేకు చేప ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది, అందుకే పాదం ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవాలి. టేకు ముల్లయినా జెల్ల ముల్లయినా గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఆ చోటు ఉంచితే విషం తీవ్రత తగ్గుతుంది, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. ఉరుము వినబడితే కర్ర కింద పడేసి ఒడ్డు వదిలేయండి. బీచి మీద అందరికంటే ఎత్తున ఉండేది ఆ కర్రే.

గాలి లేదు కదా అని కూడా నమ్మడానికి లేదు. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన అలలు రోజుల తరబడి ప్రయాణించి వచ్చి ఎండ కాస్తున్న ఒడ్డును ముంచుతాయి. కేరళ వాళ్లు దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రమని. దీనికి హెచ్చరికలు ఇచ్చేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్. ఫోన్‌లో ఒక నిమిషం చూసుకుని బయల్దేరితే సరిపోతుంది. ఇక తుఫాన్లు. 1979 మేలో ఒకటి, 1990 మే 9న ఒకటి, 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా. మే నెలకు మన తీరంలో ఆ చరిత్ర ఉంది.

గాలం వేసేవాళ్లు ఎంతమంది, తినేవాళ్లు ఎంతమంది? అసలు బరువు తినేవాళ్ల మీదే ఉంది. కిందటేడు మే నెలాఖర్లో మా దగ్గరి పట్నంలో ఒక దుకాణంలో ఒంగోలు వంజరం, పొద్దున వచ్చిందని చెప్పి అమ్మారు. ఇంటికి తెచ్చి చూస్తే కన్ను లోపలికి పోయి, మొప్ప మట్టి రంగులో ఉంది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలవదు. మేలో ఐసు పెట్టెల్లో కనబడే పెద్ద చేప అటు నుంచి రోజుల తరబడి ప్రయాణం చేసి రావచ్చు, కాదంటే ఇక్కడే దొంగచాటుగా పట్టిందైనా కావచ్చు. ఏదైనా తాజా చేప ధర పెట్టదగ్గది కాదు. ఎక్కడ పట్టిందో అడగండి, కన్నూ మొప్పా చూడండి. వేలెడు చేపపిల్లలు కుప్ప పోసి అమ్మితే కొనకండి. కన్ను చిన్నదైన వల గురించి 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు కొట్లాటకు దిగే పరిస్థితి వచ్చిందంటే, చిన్న చేప పోవడం వాళ్ల కడుపులకు ఎంత దగ్గరి విషయమో తెలుస్తుంది.

ప్రభుత్వానికీ ఒక మాట. నిషేధ కాలపు భృతి 2019లో 4 వేల నుంచి 10 వేలయింది, 2025లో 20 వేలయింది. సంతోషం. కానీ 61 రోజులకు లెక్క వేస్తే ఇంటికి రోజుకు 328 రూపాయలు. అది నిషేధం మొదలవక ముందే చేతికి అందాలి. పొయ్యి ఆరాక వచ్చే డబ్బు వడ్డీ వ్యాపారికే పోతుంది. పైగా ఈ సాయం వేటకు వెళ్లేవాళ్ల పేరున ఇచ్చేది. చేప బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగే ఆడవాళ్లకు కూడా ఆ రెండు నెలలు పని ఉండదు. వాళ్ల పేర్లు కూడా ఆ జాబితాలో చేర్చాలి.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ రోజు చేప తినాలనే ఇళ్లు మా వైపూ ఉన్నాయి. నిషేధానికి అప్పటికి ఇంకా వారం మిగిలి ఉంటుంది. ఆ పూటకు కంభం చెరువు బొచ్చో, గుండ్లకమ్మ రిజర్వాయరు శీలావతో, ఊళ్లో దొరికితే కొర్రమీనో తెచ్చుకోండి. సముద్రపు చేప కోసం ఒక్క వారం ఆగండి. జూన్ 14 అర్ధరాత్రి కొత్తపట్నం బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి.