ఇచ్చుటకు తగినవాడు పుచ్చుకొనుటకును తగినవాడే
అమెరికాలోని తెలుగు సోదరీసోదరులకు విజ్ఞప్తి



అమెరికా సంయుక్త రాష్ట్రములలో మరణానంతరము అవయవదానము చేయదలచిన మానవుని ఏ వీసాపై వచ్చితివని యెవరును ప్రశ్నింపరు. అతని హృదయమును, మూత్రపిండములును ఆ దేశపౌరుల దేహములలో నిరాటంకముగా జీవించును. ఆ మానవుడే మూత్రపిండములు చెడి చికిత్సార్థియై వచ్చెనా, పత్రములును బీమాయును లేవన్న హేతువున మార్పిడికి దూరమగుచున్నాడు.

ఈ దోషము అవయవముల పంపకపు నియమములలో లేదు. 1984 నాటి జాతీయ చట్టము ననుసరించి యేర్పడిన వ్యవస్థ, మృతదాతల అవయవములను పంచునపుడు రోగి పౌరసత్వమును గణింపరాదనియే శాసించుచున్నది. దోషమంతయు వ్యయభారము నెవరు వహింతురన్న చోట నున్నది. 1972లో కాంగ్రెసు, మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి వయోభేదము లేక మెడికేర్ అను ప్రభుత్వ బీమా రక్షణ కల్పించెను గాని, పత్రములు లేని వలసదారుల కది లభింపదు. 1986 నాటి చట్టము వారికి ప్రాణాపాయవేళ మాత్రమే ఆసుపత్రి తలుపు తెరచుచున్నది. కావుననే పెక్కుచోట్ల అట్టి రోగి, రక్తమున పొటాషియము హెచ్చి, ఊపిరితిత్తులలో నీరు చేరి, మృత్యుముఖమున నిలిచిననే గాని డయాలసిస్ పొందజాలడు. కొలది దినములకు మరల అదే దుర్దశ.

అవయవములు కొరతగా నుండగా పౌరులకే ముందుగా నీయవలదా యని కొంద రందురు. కొరత సత్యమే, కాని ఆ కొరతను తీర్చు దాతలలో వలసదారులును గలరు. అంతియగాక, సోదరుడో, తల్లియో తన మూత్రపిండము నిచ్చుటకు సిద్ధముగా నున్నను, శస్త్రచికిత్సకు ధనము చెల్లించువారు లేక ఆ దానము నిష్ఫలమగుట యుచితమా? అట్టి దానమువలన ఏ పౌరుని వంతును తరుగదు గదా! యావజ్జీవము డయాలసిస్‌కై వెచ్చించుటకంటె మార్పిడి చేయుట కొలది సంవత్సరములలోనే ప్రజాధనమునకును మేలు.

మార్గము నూతనము గాదు. ఇల్లినాయ్ రాష్ట్రము 2014లో ఇట్టి రోగుల మూత్రపిండ మార్పిడి వ్యయమును భరింప నంగీకరించెను. కొలరాడో 2019లో వారికి క్రమబద్ధమైన డయాలసిస్‌ను కల్పించెను. తక్కిన రాష్ట్రములును ఈ రెంటిని అనుసరించి, శస్త్రచికిత్సతోపాటు, అమర్చిన అవయవమును శరీరము తిరస్కరింపకుండ నిత్యము వాడవలసిన ఔషధముల వ్యయమును గూడ వహింపవలెను.

ఇది పరుల సమస్య యని తలపకుడు. ఉద్యోగము పోయిన హెచ్-1బీ వీసాదారునకు దేశమున నిలుచుటకు గడువు గరిష్ఠముగా 60 దినములే. ఉద్యోగముతోడి బీమాయు నంతరించును. కావున ఓటు గలవారు తమ శాసనసభ్యులకు లేఖలు వ్రాయుడు. ఓటు లేనివారు తమ సంఘములలో తీర్మానములు చేయింపుడు. ఎల్లరును అవయవదాతలుగా పేరు నమోదు చేసికొనుడు.