టిక్కెట్టు అడిగిన అమ్మాయి తరవాత ఏం చేసింది?

మన డిపార్టుమెంటులో ఏ వ్యాసరచన పోటీ పెట్టినా "నాకు స్ఫూర్తినిచ్చిన మహిళ" అనే అంశం ఒకటి ఉండి తీరుతుంది. చాలామంది దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి రాస్తారు. రాసినవాళ్ళంతా టిక్కెట్టు కథే రాస్తారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు, ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ 14 ఏళ్ళ పిల్ల టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసింది. ఆయన పేరున టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. మంచి కథే. కానీ మనం అక్కడే ఆగిపోతున్నాం.

మా అమ్మాయి ఆరో తరగతి. స్కూల్లో చెప్పడానికని ఇదే కథ బట్టీపట్టింది. నేను చిక్కుడుకాయలు తుంచుతూ వింటున్నా. మొత్తం అప్పజెప్పి, "అమ్మా, ఫేమస్ అవ్వాలంటే నేనెవర్ని ఆపాలి?" అంది. నవ్వొచ్చింది గానీ, దాని తప్పేముంది? మనం చెప్పే కథలో ఉన్నదంతే కదా. ఒక పెద్దాయన, ఒక్క నిమిషం, జీవితాంతం పేరు. మన ఫోన్లలో నడిచే లెక్కా అదే.

ఆ అమ్మాయి తరవాత ఏం చేసిందో మన ఊళ్ళోనే కనబడుతుంది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే పెద్దయ్యాక అందులోంచి బయటికొచ్చిన మనిషి ఆమె. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైళ్ళలో ఉండి, వచ్చాక బెనారస్ మెట్రిక్కు కట్టి మళ్ళీ మొదటినుంచి చదువుకున్నారు. 1937లో మైలాపూరులో ఆంధ్ర మహిళా సభ మొదలయ్యేనాటికి ఆమెకింకా లా డిగ్రీ రాలేదు. అది 1942లో. అంటే తన చదువు పూర్తయ్యాక ఇతరులకి చెప్పడం కాదు, తాను చదువుతూనే పక్కన మరికొందరిని కూర్చోబెట్టుకోవడం. ముందు చిన్నపిల్లల క్లబ్బు. తరవాత ఇంట్లో వంటకే పరిమితమైన ఆడవాళ్ళకి అదే మెట్రిక్కు పరీక్ష తరగతులు. అడయారు వైపు బస్సులో వెళ్ళేవాళ్ళకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు బోర్డు కనబడుతుంది. ఆ తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు. వాళ్ళు రాకపోతే సభే లేదు.

పేరు చెడ్డదని అనడం లేదు. ఆ పేరు లేకపోతే నాకూ ఆమె సంగతి తెలిసేది కాదు. కానీ పేరున్నవాళ్ళు దూరంగా ఉంటారు. నా ఎమ్మే ఫీజు కట్టే రోజున పక్కన నిలబడింది దుర్గాబాయి గారు కాదు, మా వీధిలో జాకెట్లు కుట్టే నా స్నేహితురాలు. ఆమె చదివింది ఎనిమిదో తరగతి, అదీ తమిళంలో. "నువ్వు వెళ్ళక్కా, పిల్లని స్కూలు నుంచి నేను తెస్తా" అంది. రెండేళ్ళుగా తెస్తోంది. నా వ్యాసంలో ఆమె గురించి రాస్తే ఎన్ని మార్కులొస్తాయో మేడమ్‌గారే చెప్పాలి!

ఇక్కడే నాకు కోపం వచ్చే విషయం ఒకటుంది. ఆడదాని స్నేహాన్ని ఇంట్లో ఎవరూ ఒక పనిగా లెక్కపెట్టరు. చుట్టాలింటికి వెళ్తానంటే చీర తీసిస్తారు, స్నేహితురాలింటికి వెళ్తానంటే "ఇంట్లో పనేం లేదా?" అంటారు. మా ఆయనకి బడినాటి స్నేహితులు ఇప్పటికీ ఉన్నారు, ఆదివారం వస్తే అందరికీ టీ నేనే పెడతాను. నా బడినాటి వాళ్ళు పెళ్ళిళ్ళయి ఒక్కొక్కరే జారిపోయారు. గొడవలు పడి కాదు, అడిగేవాళ్ళు లేక. చెల్లెళ్ళూ, మీ వాట్సాప్ గ్రూపు కూడా ఫైనలియర్ అయిన ఏడాదికి పుట్టినరోజు కేకు బొమ్మలకే మిగులుతుంది. ఇప్పుడే చెప్తున్నా, తరవాత అక్క చెప్పలేదనకండి.

మన తెలుగు క్లాసులోనే చూడండి. ఉన్నదే కొద్దిమందిమి. ఒకమ్మాయి పొంగల్ సెలవుల తరవాత రావడం లేదు. పేరు ఇక్కడ రాయను, మీకు తెలుసు. సంబంధం కుదిరిందని ఒకరు, ఫీజని ఒకరు, రకరకాలుగా అనుకుంటున్నారు. గ్రూపులో "మిస్ యూ" అని పెట్టి, గుండె బొమ్మలు కూడా పెట్టాం. వాళ్ళింటి తలుపు మాత్రం ఒక్కరం తట్టలేదు. నలుగురు ఆడపిల్లలు నోట్సు పట్టుకుని ఇంటికొస్తే ఆ తల్లిదండ్రులు కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. కూర్చుంటే మాట్లాడొచ్చు. పరీక్షలన్నా రాయనిమ్మని అడగొచ్చు. కాదంటే కాదంటారు, అంతేగా.

శనివారం మధ్యాహ్నం 2 గంటలకి నేను వెళ్తున్నాను. రెండు యూనిట్ల నోట్సు జిరాక్స్ తీయించాను, మూడోది ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకుని గేటు దగ్గరికి రండి.