ఫ్రిజ్‌లో మొదలయ్యే నీలం పూలు

దసరా వెళ్లగానే నర్సరీల్లో అందరి చూపూ బంతి, చామంతి మీదే. ఈసారి విత్తనాల ప్యాకెట్లు కూడా ఓసారి తిరగేయండి. లార్క్‌స్పర్ కనిపిస్తే కొనేయండి, తారీఖు చూసి మరీ. పాత విత్తనం సరిగా మొలవదు.

నిటారు కాడ నిండా నీలం, ఊదా, గులాబీ, తెలుపు పూలు. ప్రతి పువ్వు వెనకా చిన్న తోక. లార్క్ పిట్ట కాలి వెనక గోరులా ఉందనే ఈ పేరు. ఒక్క సీజన్ మొక్క. పూసి, విత్తనం రాల్చి వెళ్లిపోతుంది.

దీని పేచీ అంతా మొలకెత్తడం దగ్గరే. 13 డిగ్రీల చలి ఉంటే హాయిగా మొలుస్తుంది, వేడి ఎక్కువైతే మొండికేస్తుంది. హైదరాబాద్‌లో అక్టోబరు నేల అంత చల్లగా ఎక్కడుంటుంది? అందుకే విత్తనాల్ని రెండు వారాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రీజర్‌లో కాదు! నవంబరు మొదట్లో తీసి, అర సెంటీమీటరు లోతున వేసి మట్టి కప్పేయాలి, చీకట్లోనే మొలుస్తాయి కాబట్టి. రెండు మూడు వారాలు ఓపిక పట్టండి.

మనకి నారు పోసి, పీకి నాటడం అలవాటు. దీనికి అది పనికిరాదు. తల్లివేరు లోతుకి దిగుతుంది, కదిపితే అలుగుతుంది. అడుగు లోతున్న కుండీలో, ఉండాల్సిన చోటే విత్తండి. ఒత్తుగా మొలిస్తే జానెడు ఎడం ఉండేలా మిగతావి తీసేయాలి. మనసొప్పదు గానీ తప్పదు.

సంక్రాంతికి విత్తుదాంలే అనుకోవద్దు. మా ఆఫీసులో రిలీజ్ డేట్ రెండు వారాలు జరుపుతాం, ఎవరూ చావరు. మార్చి ఎండని జరపలేం కదా. పూలు దానికి ముందే రావాలి.

అసలు జాగ్రత్త ఇంకోటుంది. మొక్కంతా విషమే, ముఖ్యంగా విత్తనాలు, లేత ఆకులు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో అడవి లార్క్‌స్పర్ మేసి పశువులు చనిపోవడం ఎప్పట్నుంచో ఉన్న బెడద. పైగా లేత ఆకులు సన్నగా చీలి, సోయకూరలా కనిపిస్తాయి. బాల్కనీలో కొత్తిమీర, సోయకూర కుండీల పక్కన దీన్ని అస్సలు పెట్టకండి; హడావిడిలో కూరలోకి తుంచేస్తారు. పాకే పిల్లలో, ఆకులు కొరికే పిల్లో ఇంట్లో ఉంటే ఈ ఏడాదికి బంతితోనే సరిపెట్టుకోండి.

కోసి వాజ్‌లో పెట్టాలంటే కింది పూలు నాలుగైదు విచ్చుకున్నప్పుడే కోయండి. ఎండబెట్టి దాచాలంటే కాడంతా దాదాపు విచ్చాక, తలకిందులుగా, చీకటి గదిలో వేలాడదీయాలి. వాజ్ మాత్రం అరటిపళ్ల పక్కన వద్దు. పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి రేకులు జలజలా రాలిపోతాయి.