కొత్త పంటు చేయిద్దామా, పాతది కొందామా?



పడవ అంటే మన గుండ్లపోచంపల్లి వాళ్లకు గుర్తొచ్చేది హుస్సేన్‌సాగర్‌లో షికారే. అటువంటి మన సంఘంలో ఈమధ్య ప్రతి కూడికలోనూ పడవ మాటే వినబడుతోంది. గోదావరి ఒడ్డున, పాపికొండల వైపు రోడ్డు సరిగా లేని గ్రామాలకు వైద్య శిబిరాలు తీసుకువెళ్లడానికి ఒక పంటు సమకూర్చాలని పెద్దలు తలపెట్టారు. పంటు అంటే బల్లపరుపు పడవ. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. మనవాళ్లు అనుకుంటున్నది అడుగున రెండు లోహపు గొట్టాలు, పైన చదునైన బల్ల ఉండే రకం.

ఇక్కడే సంఘం రెండుగా చీలింది. మన కొలతలు ఇచ్చి, పరీక్ష గది, మందుల బీరువా, చక్రాల కుర్చీ ఎక్కే వాలు బల్ల అన్నీ ఉండేలా కొత్తది చేయించాలని కొందరు. వాడిన పంటు తక్కువ ధరకు దొరుకుతుంది, మిగిలిన డబ్బు మందులకు వస్తుంది గదా అని మరికొందరు. ఇద్దరి మనసూ మంచిదే. నీళ్లమీద మాత్రం మంచి మనసు ఒక్కటే చాలదు.

బైబిలులో రెండు రకాల పడవలూ ఉన్నాయి. నోవహు ఓడ కొలత ప్రకారం కట్టినది: పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. సీమోను దోనె అప్పటికే చేపల వేటలో నలిగినది. ప్రభువు దానిలో కూర్చునే జనులకు బోధించాడు. కాబట్టి కొత్తదే పరిశుద్ధమనీ, పాతది తక్కువనీ ఎవరూ అనలేరు.

ఈ కాలపు పరిచర్యలను చూడండి. 1978లో ఆరంభమైన మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సంస్థ మొదట కొన్నది పాత ఇటలీ ప్రయాణికుల ఓడ. దానినే ఆసుపత్రిగా మార్చి అనాస్తాసిస్ అని పేరు పెట్టారు. 2007లో సేవలోకి వచ్చిన ఆఫ్రికా మెర్సీ ఒకప్పుడు డెన్మార్క్‌లో రైలు పెట్టెలను దాటించిన ఓడ. ఆసుపత్రి కోసమే కట్టించిన గ్లోబల్ మెర్సీ వారి చేతికి వచ్చింది 2021లో. అంటే ఎన్నో ఏళ్లు పాత ఓడల్లో పనిచేసి, ఏ గది ఎక్కడ ఉండాలో నేర్చుకున్నాకే కొత్తదానికి కొలతలు ఇచ్చారు. బంగ్లాదేశ్‌లో ఫ్రెండ్‌షిప్ సంస్థ తేలే ఆసుపత్రి కూడా ఫ్రాన్స్ నుండి తెచ్చిన పాత పడవతోనే మొదలైంది. మన అస్సాంలో మాత్రం బ్రహ్మపుత్ర లంకల ప్రజలకోసం 2005లో ‘అఖా’ అనే పడవను వైద్యం కోసమే కట్టించి దింపారు. అక్కడి పనివారికి ఆ నది, ఆ లంకలు ముందే తెలుసు.

నా అభిప్రాయము ఇది. నోవహుకు కొలతలు దేవుడే ఇచ్చాడు. మనకు ఇంకా ఎవరూ ఇవ్వలేదు. శిబిరానికి ఎంతమంది వస్తారో, ఏ రేవులో ఎంత లోతో, పడుకోబెట్టి తేవలసిన రోగులు ఎందరో తెలియకుండా కొత్త పంటు చేయిస్తే, కొలత తీయకుండా చొక్కా కుట్టించినట్టే. మొదటి సంవత్సరం వరద తగ్గాక, శీతాకాలంలో, లైసెన్సు ఉన్న పడవను సరంగుతో సహా అద్దెకు తీసుకుందాము. ప్రతి శిబిరమప్పుడు లెక్క రాసుకుందాము. ఆ తరువాత పరీక్షకు నిలిచే పాతది దొరికితే కొందాము, లేకుంటే ఆ లెక్కతోనే కొత్తది చేయిద్దాము.

పాతదాన్ని రంగు చూసి కొనకూడదు. కొత్త రంగు కింద తుప్పు దాగి ఉంటుంది. పంటును ఒడ్డుకు లాగించి అడుగు చూడాలి. గొట్టాన్ని కదిలిస్తే లోపల నీళ్ల చప్పుడు వినబడిందా, ఎక్కడో చిల్లి ఉన్నట్టే. అతుకుల మీద సబ్బునీళ్లు పూసి, లోపలికి కొద్దిగా గాలి పట్టిస్తే చిల్లి ఉన్నచోట బుడగలు వస్తాయి. గర్భిణీ స్త్రీలకు ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్ తీసినట్టే, లోహపు రేకు ఎంత మందం మిగిలిందో కూడా అల్ట్రాసౌండ్‌తోనే కొలుస్తారు. గొట్టం లోపల అడ్డుగోడలు ఉన్నాయా అని తప్పక అడగాలి. అవి ఉంటే ఒక అరలోకి నీరు వచ్చినా మిగిలిన అరలు తేల్చుతాయి. ఈ పరీక్షలు అమ్మేవారి మనిషితో కాక తెలిసిన వేరే మనిషితో చేయించాలి. దానంగా వచ్చిన పంటుకైనా ఇదే నియమం. ఊరకే ఇచ్చారని గడువు దాటిన మందును మనం రోగికి ఇస్తామా?

బరువు లెక్క ఇంట్లో పిల్లలు కూడా వేయగలరు. 60 సెంటీమీటర్ల అడ్డుకొలత, 6 మీటర్ల పొడవు గల గొట్టం పూర్తిగా మునిగితే దాదాపు 1,700 కిలోలు మోస్తుంది. రెండు గొట్టాలు సగం వరకే మునగాలంటే మొత్తం బరువు 1,700 కిలోలు దాటకూడదు. పంటు, ఇంజను కలిసి 900 కిలోలు ఉంటే మిగిలింది 800. పదిమంది మనుషులు, మందుల పెట్టెలతో అది నిండిపోతుంది. పదకొండవవాడు బిషపుగారైనా ఒడ్డునే ఆగాలి. ఉన్నవారంతా ఒకే ప్రక్కకు చేరినా ప్రమాదమే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిన పడవను మనం మరువలేదు. 77 మందిలో బయటపడినవారు 26 మందే. చనిపోయినవారిలో మన హైదరాబాదు, వరంగల్లు వారూ ఉన్నారు. నీటిలో మునిగి 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జ్వరం తగ్గించడానికి బయలుదేరిన మనం ఆ లెక్కలో ఒక్కరిని కూడా చేర్చకూడదు.

కాబట్టి కొత్తదైనా పాతదైనా మూడు సంగతులు విడువవద్దు. 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం ఇంజను పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ పత్రాలు ఉండాలి. ఎక్కిన ప్రతి ఒక్కరూ, డాక్టరుతో సహా, లైఫ్ జాకెట్ తొడుక్కొని దిగేవరకు విప్పకూడదు. ప్రతి సంవత్సరం మరమ్మతుకు డబ్బు విడిగా ఉండాలి. పడవ కొనడానికి కానుక ఇచ్చేవారు చాలామంది దొరుకుతారు, తుప్పు గీకించడానికి ఇచ్చేవారే అరుదు. పంటు మీద దాత పేరు రాయాలనుకుంటే, దాని ప్రక్కనే ఎంతమంది ఎక్కవచ్చో ఇంకా పెద్ద అక్షరాలతో రాయండి.

బురుజు కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు నేర్పించాడు. మనమూ కూర్చుందాము, లెక్క చూద్దాము, ప్రార్థన చేద్దాము. ఒక సంవత్సరం ఆలస్యమైతే గ్రామస్థులు మన్నిస్తారు. మునిగే పడవను పంపితే వారి పిల్లలకు మనం ఏమి జవాబు చెప్పగలము?