ఒకరు తవ్వితే... ఒకరు కాపలా!

హాల్లో అక్వేరియం అంటే ఒకప్పుడు నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, బుడగలు వదిలే మోటారు, నోరు తెరిచి మూసే ప్లాస్టిక్ కప్ప... అంతే! ఇప్పుడు ఉప్పునీటి తొట్టి మోజు మన ఊళ్లలోకీ వచ్చింది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా చూస్తూ పెరిగిన పిల్లలు ఇప్పుడు అమ్మానాన్నలయ్యారు. వాళ్ల పిల్లలకీ ఆ నీమోయే కావాలి, దాని పక్కనుండే నీలం చేపా కావాలి. ఆ నీలం చేప ఎదిగితే అడుగు పొడవవుతుందనీ, మన ఫ్లాట్లలో పట్టే తొట్టి దానికి చాలదనీ కొట్టువాడు చెప్పడు. మనమూ అడగం.

ఉప్పునీటి తొట్టి పెట్టాల్సిందేనని ఇంటిల్లిపాదీ పట్టుబడితే నా మాట ఒక్కటే. రంగుల చేపల జాతర వద్దు. గోబీనీ, పిస్టల్ రొయ్యనీ కలిపి పెంచుకోండి. చిన్న ప్రాణులు, చిన్న తొట్టి, రోజంతా చూసినా తరగని సందడి. కాకపోతే ఒక షరతు ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

గోబీ అంటే మంచూరియా చేసుకునే గోబీ కాదండోయ్! వేలెడంత చేప. హిందూ మహాసముద్రం మొదలు పసిఫిక్ దాకా పగడపు దిబ్బల పక్కనున్న ఇసుకలో ఉంటుంది. ఆ ఇసుకలోనే పిస్టల్ రొయ్య కూడా ఉంటుంది. 2 అంగుళాలుంటే గొప్ప. తెల్లవారింది మొదలు ఈ రొయ్యకు ఒకటే పని... బొరియ తవ్వడం. ఇసుకను బుల్డోజరులా తోసుకొచ్చి గుమ్మం బయట పోస్తుంది, గవ్వ ముక్కలు ఏరుకొచ్చి గోడకు ఆనిస్తుంది, మళ్లీ లోపలికెళ్తుంది. ఎంత తవ్వినా ఇసుక జారుతూనే ఉంటుంది కాబట్టి ఈ పనికి అంతుండదు. ఇంటిపని చేసేవాళ్లకి వేరే చెప్పాలా!

పాపం, ఈ రొయ్యకి చూపు అంతంతమాత్రం. అందుకని గోబీ గుమ్మంలో నిలబడి నలుదిక్కులా కనిపెట్టుకుని ఉంటుంది. రొయ్య బయటికొస్తే చాలు, ఒక మీసం చేప ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఏదైనా పెద్ద చేప అటుగా వస్తే గోబీ తోక సన్నగా వణికిస్తుంది. అంతే, రొయ్య లోపలికి! ప్రమాదం మరీ దగ్గరైతే గోబీ కూడా తలకిందులుగా బొరియలోకి దూకేస్తుంది. మీసాలు రొయ్యకి లేవా బారెడు అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు కదా, ఈ రొయ్య మీసం రోషానికి కాదు, తోడుగా ఉన్నది పక్కనే ఉందో లేదో తెలుసుకోవడానికి! ఎర్ర సముద్రంలో ఈ జంటల్ని శాస్త్రజ్ఞులు 1950ల నుంచే గమనిస్తూ వచ్చారు. ఇలా రొయ్యలతో కాపురముండే గోబీ జాతులు వందకు పైనే ఉన్నాయి.

దీన్ని ఆలుమగల అన్యోన్యతకి పోల్చి మురిసిపోయేవాళ్లున్నారు. నాకది నచ్చదు. రొయ్యకి వేరే రొయ్య జోడు, చేపకి వేరే చేప జోడు. ఒక్కోసారి ఒకే బొరియలో రెండు జంటలూ ఉంటాయి. ఇది ప్రేమకథ కాదు, పని పంపకం. ‘ఆ చేప ఏం చేస్తోంది, ఊరికే నిలబడింది, చాకిరీ అంతా రొయ్యదే’ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాపలా పని కాదా? గ్యాస్ కట్టేశారా, బిడ్డ బస్సు దిగిందా, మామగారు మాత్ర వేసుకున్నారా అని రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషిని కూడా ‘ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా’ అంటారు మరి!

సరే, పిస్టల్ అన్న పేరెందుకంటారా? రొయ్యకున్న రెండు డెక్కల్లో ఒకటి బాగా పెద్దది. దాన్ని టక్కున మూస్తే నీటిలో ఒక బుడగ పుట్టి, మరుక్షణం పగిలిపోతుంది. ఆ చప్పుడు డెక్కలు తాకడం వల్ల కాదనీ, బుడగ చితకడం వల్లేననీ 2000లో నెదర్లాండ్స్, జర్మనీ శాస్త్రజ్ఞులు ఈ రొయ్యకి చుట్టమైన మరో జాతి మీద తేల్చారు. అందుకు సెకనుకి 40 వేలకి పైగా బొమ్మలు తీసే కెమెరా వాడాల్సి వచ్చింది! రాత్రిళ్లు హాల్లోంచి టప్పుమని వినిపిస్తే కంగారుపడకండి, అద్దం పగిలింది కాదు. ఈ రొయ్య అద్దాన్ని పగలగొట్టలేదు. అలా పగలగొట్టేదని చెప్పుకునేది వేరే ప్రాణి.

ఇక పెంపకం. నూరు లీటర్ల తొట్టి చాలు. అడుగున 3, 4 అంగుళాల ఇసుక, అందులో చిన్న రాళ్లూ గవ్వ ముక్కలూ కలపాలి. ఉత్త మెత్తని ఇసుకైతే బొరియ నిలవదు. పెద్ద రాళ్లని మాత్రం ఇసుక మీద పెట్టకండి. ముందు గాజు మీద రాళ్లు కదలకుండా పేర్చి, ఆ తర్వాత ఇసుక పోయండి. లేదంటే రొయ్య కింద తవ్వేసి రాయి దాని నెత్తినే పడుతుంది. పైన జాలీ మూత తప్పనిసరి. బెదిరిన గోబీ ఎగిరి నేల మీద పడుతుంది. నిజమైన పగడాల జోలికి పోవద్దు, అవి 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవులు.

వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లాంటివి ఎన్నో ఉంటాయి కాబట్టి అక్వేరియం కోసమే చేసిన ఉప్పు కొని, లీటరుకి సుమారు 35 గ్రాముల లెక్కన ఆర్‌ఓ నీటిలో కలపాలి. నీళ్లు పోయగానే చేపలు తెచ్చెయ్యకూడదు. 4 నుంచి 6 వారాలు తొట్టిని నడవనిచ్చి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాకే ప్రాణులు రావాలి. వీలైతే కొట్లోనే జతకట్టిన జంటని కొనండి. వేరువేరుగా తెచ్చినా చిన్న తొట్టిలో చాలావరకు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. అయితే ఏ రొయ్య పడితే ఆ రొయ్య, ఏ గోబీ పడితే ఆ గోబీ కలవవు. పసుపు గోబీ, టైగర్ పిస్టల్ రొయ్య బాగా కుదిరే జోడీ. చేపకి జబ్బు చేసిందని రాగి కలిసిన మందు తొట్టిలో పోశారో, రొయ్య చచ్చిపోతుంది. ఒకనాటి పొద్దున రొయ్య ఆకారమే ఖాళీగా పడి కనిపిస్తే పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. అది కుబుసం. అసలు రొయ్య బొరియలో దాక్కుని కొత్త పెంకు గట్టిపడేదాకా బయటికి రాదు.

ఇంకో సంగతి. ఇళ్లలో పెంచే సముద్రపు చేపల్లో ఎక్కువభాగం ఈనాటికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో సైనైడ్ చల్లి, చేప మత్తులో ఉండగా పట్టడం ఏళ్ల తరబడి సాగింది. అందుకే, ఎక్కణ్నుంచి తెచ్చారని అడగండి. మన ఎదురుగా మేత వేయించి, తింటేనే కొనండి. చవకగా వస్తోందని గోబీ ఒక్కదాన్నో, రొయ్య ఒక్కదాన్నో తెస్తే బతకొచ్చు గానీ, ఒకటి రాళ్ల చాటున, ఒకటి ఇసుక కింద బిక్కుబిక్కుమంటూ దాక్కుంటాయి. అది పెంపకమా?

ఇప్పుడు షరతు. తొట్టి కొనేది ఆయనగారు, మురిసేది పిల్లలు, వారం తిరిగేసరికి చూసుకునేది ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఆవిరైన నీటికి బదులు రోజూ మంచినీళ్లు పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరిగిపోతుంది, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు కదా. పది రోజులకోసారి పదో వంతు నీళ్లు మార్చాలి. నీటి వేడి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి, మన ఎండల్లో అదేమీ చిన్న విషయం కాదు. ఫ్యానో, చల్లబరిచే మిషనో కావాలి, కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి మోటారు కావాలి. వీటిలో మీ వంతు ఏదో, ఆయన వంతు ఏదో, పెద్దబ్బాయి వంతు ఏదో కాగితం మీద తేదీలతో సహా రాయించి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. మీరు పుట్టింటికి వెళ్లిన పది రోజులూ ఎవరు చూస్తారో కూడా అందులోనే ఉండాలి. అది అయ్యాకే కొట్లో అడ్వాన్సు ఇవ్వమనండి.